కౌంటర్-స్ట్రైక్: ప్రతులూ పాఠాంతరాలూ

కౌంటర్-స్ట్రైక్ 1.6 ఇప్పటి కంప్యూటర్లలో నడుస్తుందా అని నన్ను అడిగేవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, అదీ ఎక్కువగా సంక్రాంతికి ముందు. పాత బ్యాచ్ ఊళ్లో కలుస్తోంది, తలా ఒక లాప్‌టాప్ తెస్తున్నారు, ఒక్క రాత్రి ఆడాలి. జవాబు చిన్నదే: నడుస్తుంది. స్టీమ్‌లో కొనుక్కుంటే పది నిమిషాల పని. చిక్కేమిటంటే, అలా కొనుక్కున్నవాళ్లే మళ్లీ ఫోన్ చేసి "ఇది మనం ఆడింది కాదురా" అంటారు. ఒకడికి బాట్లు కనపడవు. ఒకడికి మనిషి నడక తేడాగా ఉంటుంది. ఇంకొకడికి మెనూలో రావాల్సిన పాట రాదు. మరి వీళ్లంతా ఆడింది ఏది?

సాహిత్యం చదివేవాళ్లకి ఈ ప్రశ్న కొత్తది కాదు. మూలప్రతి అంటూ ఒకటి ఎక్కడో భద్రంగా ఉంటుందనీ, మన చేతికొచ్చేవన్నీ దానికి నకళ్లనీ అనుకుంటాం. తాళపత్రాలతో పనిచేసినవాళ్లని అడిగితే వ్యవహారం అంత సుళువు కాదంటారు. ఈ ఆట సంగతీ అంతే. కృష్ణా డెల్టాలో మేం ఆడిన 1.6 ఏ కంపెనీ విడుదల చేసిన 1.6 కూడా కాదు. దాన్ని ఇవాళ నడిపించాలంటే ముందు అదేమిటో తేల్చుకోవాలి.

1998 నవంబరులో వాల్వ్ అనే కంపెనీ హాఫ్-లైఫ్ అనే ఆటని విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ నుంచి బయటికొచ్చిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ 1996లో పెట్టిన కంపెనీ అది. ఇంజన్ వాళ్లు మొదటి నుంచీ సొంతంగా రాసుకున్నది కాదు. ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ల క్వేక్ ఇంజన్‌ని లైసెన్సు మీద తీసుకుని, బాగా మార్చుకున్నారు. తర్వాతి రోజుల్లో దానికి గోల్డ్‌సోర్స్ అన్న పేరు స్థిరపడింది. తెర మీద బొమ్మ గీయడం, శబ్దం, నెట్‌వర్క్ లాంటి బరువు పనులన్నీ ఇంజన్ చేస్తుంది. తుపాకీ దెబ్బ ఎంత, మనిషి ఎంత ఎత్తు గెంతాలి, ఎప్పుడు ఎవరు గెలిచినట్టు అనే నియమాలు మాత్రం వేరే డీఎల్ఎల్ ఫైల్లో ఉంటాయి. ఆ నియమాల కోడ్‌ని వాల్వ్ బయటివాళ్లకి ఇచ్చింది. ఇంజన్‌ని ముట్టుకోకుండా, పక్కన ఇంకో ఫోల్డర్ పెట్టుకుని అందులో మన నియమాలు, మన బొమ్మలు పెట్టుకుంటే అది వేరే ఆట అయిపోతుంది. మాడ్ అంటే అంతే. మా మండలానికి దగ్గర్లోనే కూచిపూడి. సత్యభామ కథ అందరిదీ, ఏ మేళం ఆట ఆ మేళానిది. కాబట్టి ఈ ఏర్పాటు మాకు మరీ వింతగా తోచదు.

మిన్ లే అనే కుర్రాడు కెనడాలో కంప్యూటర్ సైన్స్ చదువుతూ, జెస్ క్లిఫ్ అనే అమెరికన్ విద్యార్థితో కలిసి 1999 జూన్‌లో కౌంటర్-స్ట్రైక్ మొదటి బీటాని బయటపెట్టాడు. ఇద్దరికీ ఎవరూ జీతం ఇవ్వలేదు. నెలకో రెండు నెలలకో కొత్త బీటా వచ్చేది, ఆడినవాళ్లు తిట్టేవాళ్లు, వీళ్లు మార్చేవాళ్లు. మనందరికీ కళ్లు మూసుకున్నా దారి తెలిసిన డస్ట్ మ్యాప్ చేసిన డేవ్ జాన్‌స్టన్ అప్పటికి ఇంగ్లండులో స్కూలు వయసు పిల్లాడు. 2000లో వాల్వ్ వచ్చి మాడ్‌నీ, మాడ్ చేసినవాళ్లనీ తనలో కలుపుకుంది. ఆ నవంబరులో 1.0 అట్టపెట్టెలో అమ్మకానికొచ్చింది. 2002లో 1.5. 2003 సెప్టెంబరులో స్టీమ్, దాంతోపాటు 1.6. అందులోనే గాలిల్, ఫమాస్ తుపాకులు, పోలీసు డాలు వచ్చి చేరాయి. 2004 జులైలో వాల్వ్ పాత డబ్ల్యుఓఎన్ సర్వర్లు మూసేసింది. ఇంటర్నెట్‌లో పదిమందితో ఆడాలంటే ఇక స్టీమ్ తప్ప దారి లేదు. ఇక్కడిదాకా అధికారిక చరిత్ర. ఇది ఎక్కడైనా దొరుకుతుంది, ఇంతకంటే వివరంగానే.

ఆ చరిత్రలో లేనిది మా వైపు జరిగిన కథ. మాది పామిడిముక్కల. మాకు కంప్యూటర్ అంటే ఉయ్యూరు. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రాక్టర్లని తప్పించుకుంటూ సైకిళ్ల మీద పోయేవాళ్లం. నెట్ సెంటర్లో ఎనిమిది కంప్యూటర్లు, పదిహేను అంగుళాల డబ్బా మానిటర్లు, మధ్యలో ఒక హబ్, గంటకి 15 రూపాయలు. ఎంసెట్ ఫలితాలొచ్చే రోజున ఆటలు బంద్. మిగతా రోజుల్లో 'న్యూ ఫోల్డర్ (2)' లోపల ఇంకో 'న్యూ ఫోల్డర్', అందులో ఆట. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో మొదలైంది కానీ, 256 కేబీపీఎస్ లైను మీద ఎనిమిది మంది సింగపూర్ సర్వర్‌కి కనెక్టయి ఆడటం కలలో మాట. ఇంటర్నెట్‌తో మాకు పనే లేదు. ఆట అంటే ఆ గదిలో ఉన్న ఎనిమిది మంది, లాన్ కేబుల్, అంతే.

ఆ ఆట అక్కడికి ఎలా వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. స్టీమ్‌లో కొనాలంటే కార్డు కావాలి, ధరలు డాలర్లలో. రూపాయల్లో ధర రావడానికి 2015 దాకా పట్టింది. అందుకని వచ్చింది 'నాన్-స్టీమ్' ప్రతి. ఎవరో రష్యాలోనో తూర్పు యూరప్‌లోనో తాళం విప్పారు, ఎవరో టొరెంట్‌లో పెట్టారు, హైదరాబాదులో ఎవరో సీడీ రాశారు, బెజవాడలో ఎవరో దాన్ని మళ్లీ రాశారు, ఉయ్యూరులో నెట్ సెంటరాయన ఎనిమిది కంప్యూటర్లలో పోశాడు. ప్రతి చేతి దగ్గరా ఏదో ఒకటి కలిసింది. ఒకాయన మెనూ వెనక సినిమా హీరో ఫొటో పెట్టాడు. ఒకాయన మెనూలో పాట పెట్టాడు. అన్నిటికంటే పెద్ద చేర్పు బాట్లు, అంటే మనుషులు తక్కువైనప్పుడు కంప్యూటరే ఆడించే ఆటగాళ్లు. అధికారిక 1.6లో బాట్లు లేవు. 2004లో వచ్చిన కండిషన్ జీరో అనే వేరే ఆట కోసం రాసిన బాట్లని ఎవరో ఊడదీసి 1.6కి అతికించారు. మా వైపు ఆడినవాళ్లలో చాలామందికి ఆ సంగతి ఈనాటికీ తెలియదు. 'హెచ్' నొక్కితే బాట్ వస్తుంది, 1.6 అంటే అదే.

దీనికి మన పండితుల దగ్గర మంచి మాట ఉంది, ప్రక్షిప్తం. మూలంలో లేని పద్యం మధ్యలో ఎవరో చేర్చితే, తరవాతి లేఖకులు దాన్ని కూడా భక్తిగా రాసుకుంటూ పోతారు. బందరులోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన ఓపిక నాకు లేదు గానీ, నా దగ్గరున్న మూడు పాత సీడీల్లోంచి మూడు కౌంటర్-స్ట్రైక్‌లు తీసి ఒకసారి ఫైలు ఫైలుకీ పోల్చి చూశాను. మూడింటి మీదా మార్కర్‌తో '1.6' అనే రాసి ఉంది. మూడింట్లో ఏ రెండూ ఒకటి కావు. ఒకదాంట్లో ఎకె-47 శబ్దమే వేరు.

తేడాలు అలంకారాల వరకే అయితే గొడవ లేదు. 1.6కి ప్రోటోకాల్ సంఖ్య అని ఒకటుంటుంది. మన కంప్యూటర్, సర్వర్ ఏ భాషలో మాట్లాడుకుంటాయో చెప్పే సంఖ్య. మొదట 47, తరవాత వాల్వ్ అప్‌డేట్లతో 48 అయింది. 47 ప్రతి ఉన్నవాడు 48 సర్వర్‌లోకి రాలేడు. స్టీమ్ వాళ్లకి అప్‌డేట్ దానంతటదే వస్తుంది, నాన్-స్టీమ్ వాళ్లకి రాదు. దాంతో ప్రపంచంలో 1.6 ఆడేవాళ్లు రెండుగా చీలిపోయారు. అప్పుడు డీప్రోటో అనే చిన్న ప్లగిన్ వచ్చింది. సర్వర్ దగ్గర దాన్ని పెడితే 47 వాళ్లూ 48 వాళ్లూ ఒకే ఆటలోకి వస్తారు.

ఇది ఎలా పనిచేస్తుందో మా వైపు వాళ్లకి చెప్పడం తేలిక. మా మండలంలోనే వీరంకిలాకు అనే ఊరుంది, పేరులోనే లాకు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తవ్విన డెల్టా కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. పై కాలువలో నీటిమట్టం ఎక్కువ, కింద తక్కువ. పడవ నేరుగా దిగితే మునుగుతుంది. అందుకని లాకు కట్టారు. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూస్తారు, ముందు తూములు తెరుస్తారు, లోపలి నీరు మెల్లగా కింది మట్టానికి దిగుతుంది, అప్పుడు ముందు తలుపులు. పడవ మారలేదు, కాలువా మారలేదు. మధ్యలో ఒక గది రెండు మట్టాలకీ సర్దిచెప్పింది. పాత సాఫ్ట్‌వేర్‌ని కొత్త కంప్యూటర్లో నడిపించే ఏ ఉపాయాన్ని చూసినా నాకు ఈ లాకే గుర్తొస్తుంది. అయితే తలుపులు మూసే మనిషి లేకపోతే లాకు ఉండీ లాభం లేదు. డీప్రోటో రాసినవాళ్ల పేర్లు 1.6 ఆడినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇక ఇప్పటి కంప్యూటర్ల దగ్గరికి వస్తాను. గతేడాది సంక్రాంతికి మా ఇంట్లో నాలుగు యంత్రాలు పోగయ్యాయి. మా పిన్ని కొడుకు గేమింగ్ లాప్‌టాప్, నాది మామూలు లాప్‌టాప్, అటక మీంచి దించిన ఎక్స్‌పీ డెస్క్‌టాప్, మా బావ మాక్‌బుక్. మాక్‌బుక్ సంగతి ఒక్క నిమిషంలో తేలిపోయింది. 1.6కి 2013లో మాక్ ప్రతి వచ్చింది నిజమే, కానీ 32-బిట్ ప్రోగ్రామ్‌లని యాపిల్ 2019లో కాటలీనాతో పూర్తిగా ఆపేసింది. "లక్షన్నర పెట్టి కొన్నాను బావా, పాతికేళ్లనాటి ఆట ఆడలేదా ఇది?" అని ఆయన. అటక మీది డబ్బా మాత్రం తుమ్మి, దులుపుకుని, మొదటి ప్రయత్నంలోనే ఆడింది.

గేమింగ్ లాప్‌టాప్‌తో వచ్చిన తంటా వేరు. అది మరీ వేగం. ఆటలో కాలం ఎలా కొలుస్తారో తెలిస్తే ఇది అర్థమవుతుంది. తెర మీద ఒక్కో ఫ్రేము గీసినప్పుడు, కిందటి ఫ్రేము నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో లెక్కవేసి, ఆ మేరకి మనిషిని ముందుకి జరుపుతారు. పాత బిల్డుల్లో ఆ మిల్లీసెకన్లు పూర్ణ సంఖ్యలు. సెకనుకి 100 ఫ్రేములైతే ఒక్కోటి కచ్చితంగా 10 మిల్లీసెకన్లు, లెక్క సరి. 144 ఫ్రేములైతే 6.94. దశాంశం తరవాతిది జారిపోతే మిగిలేది 6. ప్రతి ఫ్రేముకీ ఆ కాస్త కాలం పోతే మనిషి బరువుగా నడుస్తాడు. కంప్యూటర్ వేగం పెరిగినకొద్దీ నడక మందగించడం! 'మనిషి తొందరగా పరిగెత్తట్లేదు' అని ఫోన్ చేసినవాడిది భ్రమ కాదు. ఇంజన్ 100 దగ్గర గీత గీసింది. కన్సోల్‌లో ఆ గీతని చెరిపే కమాండ్ కూడా ఉంది, ఈ కాలం పిల్లలు మొదట చేసే పని అదే. తీసుకొచ్చి 100 దగ్గర కట్టేస్తే నడక తిరిగొచ్చింది.

తెర ఆకారం ఇంకో గొడవ. మా డబ్బా మానిటర్లు 4:3. ఇప్పటివి 16:9. తెర వెడల్పయితే పక్కన ఇంకాస్త కనపడాలి కదా? పాత ఇంజన్ అలా చేయదు. అడ్డంగా 90 డిగ్రీలని అలాగే ఉంచి, పైనా కిందా కోసేస్తుంది. అంటే ఖరీదైన తెరలో తక్కువ కనపడుతుంది. సాగదీసి ఆడితే మనుషులు లావుగా కనపడతారు, తల పెద్దదవుతుంది, కొట్టడం తేలిక అని నమ్మేవాళ్లూ ఉన్నారు. 2023 నవంబరులో, హాఫ్-లైఫ్‌కి పాతికేళ్లయిన సందర్భంగా, వాల్వ్ ఒక పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. వెడల్పు తెరలకి సరైన చూపు, పెద్ద రిజల్యూషన్లలో కూడా చదవగలిగే మెనూలు వచ్చాయి. మంచి పని. అదే అప్‌డేట్‌తో కొన్ని పాత మాడ్‌లు నడవడం మానేశాయి. కాబట్టి హాఫ్-లైఫ్‌కి పాత బిల్డుని 'లెగసీ' పేరుతో పక్కన ఉంచారు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన నిర్ణయం. శుద్ధప్రతి అచ్చేసినవాడు పాత తాటాకులని పారేయకూడదు.

మౌస్ గురించి ఎక్కువ చెప్పను. విండోస్ తనంతట తాను మౌస్‌కి వేగం కలుపుతుంది, దాన్ని ఆపడానికి ఒకప్పుడు ఆట మొదలుపెట్టేటప్పుడు మంత్రంలాంటి మూడు పదాలు రాసేవాళ్లం. ఇప్పుడు సెట్టింగుల్లో 'రా ఇన్‌పుట్' అని ఉంది, టిక్కు పెడితే చాలు.

అసలు కష్టం నెట్‌వర్క్ దగ్గర. నెట్ సెంటర్లో కేబుల్ పెట్టగానే సర్వర్ కనపడేది. ఇక్కడ ఇంటి వైఫైని విండోస్ 'పబ్లిక్ నెట్‌వర్క్' అనుకుంది, ఫైర్‌వాల్ తలుపు మూసింది. లాన్ జాబితా ఖాళీ. నెట్‌వర్క్‌ని 'ప్రైవేట్' చేసి, ఆటకి ఫైర్‌వాల్‌లో అనుమతి ఇచ్చి, జాబితాని నమ్ముకోకుండా కన్సోల్ తెరిచి 192.168తో మొదలయ్యే అంకెలు చేత్తో కొట్టాం. పోర్టు 27015. అప్పుడు మూడు పేర్లు తెర మీద కనిపించాయి. మా అక్క కొడుకు బీజీఎంఐ తరం వాడు. పక్కన కూర్చుని చూస్తూ, "మావయ్యా, ఇందులో పడుకుని కాల్చలేమా?" అన్నాడు. లేదురా. "స్కిన్స్?" లేవు. "మరి గెలిస్తే ఏమొస్తుంది?" వచ్చే రౌండుకి తుపాకీ కొనుక్కునే డబ్బులొస్తాయి అన్నాను. "ఆటలోనే ఖర్చయిపోతాయా!" అని జాలిపడ్డాడు.

ఇంతదాకా నకలుదార్ల పక్షాన మాట్లాడాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 2019 మార్చిలో డాక్టర్ వెబ్ అనే రష్యన్ యాంటీవైరస్ కంపెనీ ఒక నివేదిక ఇచ్చింది. స్టీమ్ ప్రతిలో కనపడే దాదాపు 5,000 సర్వర్లలో 1,951, అంటే 39 శాతం, బెలోనార్డ్ అనే ట్రోజన్ సృష్టించినవి. ఆటలో ఉన్న పాత లోపాలని వాడుకుని, సర్వర్‌కి కనెక్టయిన వాడి కంప్యూటర్లోకి దూరి, అక్కడి నుంచి ఇంకా నకిలీ సర్వర్లని పుట్టించేది. దీనికి కొనుక్కున్న ప్రతి, కొట్టేసిన ప్రతి అన్న తేడా లేదు. పైగా నాన్-స్టీమ్ ప్రతులు పంచే సైట్లలో కొన్ని, ఆట లోపలే వైరస్ పెట్టి ఇస్తున్నాయి. తాటాకు మీద ఎవరో ఒక పద్యం ఇరికిస్తే చదివేవాడికి పోయేదేం లేదు. ఇక్కడ అలా కాదు, ప్రక్షిప్తం మన బ్యాంకు పాస్‌వర్డ్ చదువుతుంది. అందుకని ఇవాళ ఎవరైనా అడిగితే నా సలహా ఒకటే: స్టీమ్‌లో కొనండి. పాత సీడీ మీద ప్రేమ ఉంటే నెట్ లేని కంప్యూటర్లో ఆడుకోండి.

నకలుదార్లలో ఇంకో జాతి ఉంది, వాళ్లంటే నాకు చాలా గౌరవం. ఇంజన్ సోర్స్ కోడ్‌ని వాల్వ్ ఎప్పుడూ అందరికీ ఇవ్వలేదు. కానీ లినక్స్ సర్వర్ కోసం ఇచ్చిన ఫైళ్లలో డీబగ్ సమాచారం మిగిలిపోయింది, అంటే ఫంక్షన్ల పేర్లు, వేరియబుల్స్ పేర్లు. ప్రెస్సుకి వెళ్లిన పుస్తకంలో ప్రూఫ్ రీడర్ మార్జిన్ రాతలు కూడా పొరపాటున అచ్చయినట్టు. ఆ రాతలు పట్టుకుని కొందరు ప్రోగ్రామర్లు వాక్యం వాక్యం వెనక్కి రాసి, రీహెచ్ఎల్‌డీఎస్ పేరుతో సర్వర్‌ని, రీగేమ్‌డీఎల్ఎల్ పేరుతో ఆట నియమాలని మళ్లీ కట్టారు. ఈ రోజు నడుస్తున్న మంచి 1.6 సర్వర్లలో చాలావాటి కింద ఉన్నది ఇదే. ఎక్సాష్3డీ వాళ్లు ఇంకా ముందుకి పోయి, గోల్డ్‌సోర్స్‌తో సరిపోయే ఇంజన్‌నే కొత్తగా రాశారు. అది ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా నడుస్తుంది. ఇంజనీరుగా నాకు తెలుసు, ఒకడు రాసిన కోడ్‌ని అర్థం చేసుకోవడమే నరకం. కంపైలయిన అంకెల్లోంచి ఆలోచనని వెనక్కి తీయడం అంటే తపస్సే.

ఈ ఎక్సాష్ నాకు సొంత అవసరానికి పనికొచ్చింది. ఇంజనీరింగ్‌లో మా సీనియర్ అన్న ఒకాయన 2008లో మా హాస్టల్‌ని కౌంటర్-స్ట్రైక్ మ్యాప్‌గా చేశాడు. మన కాలేజీల్లో ఈ పని చేసినవాళ్లు ఊరికొకరున్నారు, ఎవరూ ఎక్కడా దాచలేదు. హామర్ అనే ఎడిటర్లో గదులు కట్టి, గోడలకీ తలుపులకీ ఫొటోలు తీసి, వాటిని చిన్నవి చేసి 256 రంగులకి కుదించి, 'వాడ్' అనే ఫైల్లో పేర్చాడు. మ్యాప్ ఒక ఫైలు, గోడల బొమ్మలు ఇంకో ఫైలు. మేం రెండేళ్లు రాత్రిళ్లు ఆ హాస్టల్లో కూర్చుని ఆ హాస్టల్లోనే కాల్చుకున్నాం. ఆ భవనం ఇప్పుడు లేదు, పడగొట్టి ఏసీ బ్లాక్ కట్టారు. నా పాత పెన్‌డ్రైవ్‌లో మ్యాప్ ఫైలు దొరికింది. వాడ్ ఫైలు లేదు. ఒకటి లేకుండా రెండోది తెరవమంటే స్టీమ్ ప్రతి ఎర్రర్ చూపించి మూసుకుంటుంది.

ఎక్సాష్ అంత పట్టింపు మనిషి కాదు. బొమ్మ దొరకని చోట ముదురు గులాబీ, నలుపు గళ్లు వేసి తెరిచేసింది. మా హాస్టల్ నిలబడింది, గోడలన్నీ గళ్లతో. వరండా, నీళ్ల ట్యాంకు మెట్లు, మెస్ కిటికీ, అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. వరండా మాత్రం అసలుకంటే వెడల్పు. ఆటలో మనిషి మరీ ఇరుకు సందుల్లో ఇరుక్కుపోతాడు, అందుకని అన్న దాన్ని వెడల్పు చేశాడు. నిజం వరండాలో ఇద్దరు బకెట్లతో ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే.

మ్యాప్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలావరకు చెత్తగా కనపడుతుంది గానీ, అందులో ఒక చోట మామూలు అక్షరాలు ఉంటాయి. ఎవరు ఎక్కడ నుంచి మొదలవ్వాలి, ఏ దీపం ఎక్కడ అనే జాబితా. పోలీసుల్ని వార్డెన్ గదిలోంచీ టెర్రరిస్టుల్ని మెస్‌లోంచీ బయల్దేరదీశాడని అక్కడ చూశాను. అన్నిటికంటే పైన, వాడ్ ఫైలు ఏ దారిలో ఉందో మొత్తం రాసి ఉంది. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, ఆ తర్వాత యూజర్ పేరు, డెస్క్‌టాప్, 'హాస్టల్ ఫైనల్ ఫైనల్' అనే ఫోల్డర్. ఆయన కావాలని పెట్టింది కాదు, కంపైలర్ రాసేసింది. ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకున్నట్టు, ఆ ఫైలు ఎవరిదో ఆ ఒక్క వాక్యం చెబుతోంది. మా కాలేజీలో ఆ మ్యాప్ అందరికీ తెలుసు, చేసిందెవరో మా తరవాతి బ్యాచ్‌కే తెలియదు.

ఆయన ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు. వాట్సాప్‌లో గళ్ల గోడల స్క్రీన్‌షాట్ పంపిస్తే అర్ధరాత్రి ఫోన్ చేశాడు. వాడ్ ఫైలు ఉన్న హార్డ్ డిస్క్ ఇండియాలో ఉన్నప్పుడే పోయిందట. కొత్తగా చేద్దాం అనుకున్నాం. తలుపులకి పాత ఫొటోలు దొరికాయి, మెట్లకి దొరికాయి, నోటీసు బోర్డుకి కూడా దొరికింది. మెస్ గోడ దగ్గర ఆగిపోయాం. అది లేత ఆకుపచ్చ అని అన్న అంటాడు. గంధం రంగని నా రూమ్మేట్ ఒట్టేసి చెబుతున్నాడు. గ్రూపులో ఇంకొకడు సగం దాకా నీలం పెయింట్, పైన సున్నం అని రాశాడు. నా దగ్గర మెస్‌లో తీసిన ఫొటో ఒకే ఒకటుంది. గోడకి అడ్డంగా పదకొండు మందిమి భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డాం, గోడ అసలు కనపడదు.